మార్లవాయికి ముందు జోడేఘాట్

పెద్ద పోస్టే, కొంచెం ఓపిక చేసుకోండి.

మార్లవాయి అనగానే మనలో చాలామందికి ఒక్క కథే గుర్తుకొస్తది. ఒక తెల్లదొర అడవిలోకి వచ్చిండు, గోండుల మధ్య గుడిసె వేసుకుని ఉన్నడు, మనకు బడి పెట్టిండు, భూములు ఇప్పించిండు, చనిపోయినంక కూడా ఇక్కడికే వచ్చిండు. హాస్టల్లో సీనియర్లు చెప్పింది ఇదే. ప్రతి జనవరిలో పేపర్లో వచ్చేది కూడా ఇదే. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే ఇది సగం కథ. మిగిలిన సగం ఆ ఊరి సమాధుల దగ్గర నిలబడితే కనిపించదు. చుట్టూ ఉన్న గుట్టలు, చేన్లు తిరగాలి. అంతకన్నా ముందు ఇంకో ఊరికి పోయి రావాలి. ఆ ఊరు జోడేఘాట్.

మొన్న జనవరిలో నేను, నాతో చదివే కొలాం దోస్తు ఒకడు, ఇద్దరం బండి మీద ఈ రెండు ఊర్లను వరుసగా చూసి వచ్చినం. వరుస ముఖ్యం. చాలామంది ఉట్నూరు దిక్కు నుంచి నేరుగా మార్లవాయికి పోయి, సమాధులకు దండం పెట్టుకుని, ఫోటో దిగి వచ్చేస్తరు. మేం ఆసిఫాబాద్ దిక్కు నుంచి మొదలుపెట్టినం. ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు పోయే రోడ్డు కెరమెరి మీదుగా, ఘాట్ ఎక్కి జైనూరు చేరుతది. మధ్యలో హట్టి దగ్గర జోడేఘాట్‌కు దారి చీలుతది. అక్కడ నుంచి గుట్టలే గుట్టలు. జనవరి కాబట్టి టేకు ఆకు ఎండి రాలుతున్నది, రోడ్డు పక్క చేన్లలో పత్తి తీస్తున్నరు. చలి మాత్రం మామూలుగా లేదు. బండి నడిపేటోనికి చేతులు కొయ్యబారిపోయినయ్, మధ్యల రెండు సార్లు ఆగి చెత్త కాల్చి కాపుకున్నం.

జోడేఘాట్‌లో ఇప్పుడు విగ్రహం ఉన్నది, 2016లో తెరిచిన మ్యూజియం ఉన్నది. ఆశ్వయుజ పౌర్ణమికి పోతే వేలమంది కనిపిస్తరు. మేం పోయినప్పుడు మాత్రం మేమిద్దరం, మేకలు కాసే ఒక పిల్లగాడు తప్ప ఎవరూ లేరు. ఒక రకంగా అదే మంచిదైంది. జాతర లేని రోజు చూస్తేనే ఆ జాగ ఎటువంటిదో అర్థమైతది. చుట్టూ ఎత్తు, మధ్యల కొద్దిపాటి సాగు నేల, కింద నీళ్ళ జాడ. మనుషులు బతకడానికి ఎందుకు ఎంచుకున్నరో, తుపాకులతో వచ్చినవాళ్ళను కొన్నాళ్ళయినా ఎట్ల ఆపగలిగిన్రో కండ్ల ముందే ఉంటది.

కుమ్రం భీము కథ మనకు తెలిసిందే కాబట్టి మొత్తం చెప్పను. సంకేపల్లిలో పుట్టడం, భూమి తగాదాలో సిద్ధిఖ్ అనేవాణ్ణి కొట్టి చంపడం, అస్సాం తేయాకు తోటల దాకా పోయి తిరిగి రావడం, బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల గూడేలను కూడగట్టడం, 1940లో పోలీసు కాల్పుల్లో తన మనుషులతో పాటు నేలకొరగడం. సాహు, అల్లం రాజయ్య రాసిన నవల చదివినవాళ్ళకు ఇంకా వివరంగా తెలుసు. నేను చెప్పదల్చుకున్నది ఆ గూడేలు ఎందుకు కదిలినయ్ అన్నది. ఎందుకంటే మార్లవాయిలో తర్వాత జరిగిన ప్రతి పనికీ జవాబు అందులోనే ఉన్నది.

మన పెద్దలు ఒకచోట కొన్నేళ్ళు సాగు చేసి, నేల సారం తగ్గితే పక్కకు జరిగి, మళ్ళీ కొన్నేళ్ళకు అదే నేలకు వచ్చేవాళ్ళు. ఊరు కూడా జరిగేది. అడవిలో మనిషి లేని జాగ అంటే అది వదిలేసిన జాగ కాదు, పడావు పెట్టిన జాగ. ఈ సంగతి సర్కారు లెక్కల్లో ఎక్కడా లేదు. నిజాం ప్రభుత్వం అడవులను రిజర్వు చేస్తూ గీతలు గీసినప్పుడు, ఆ రోజు నాగలి ఉన్న ముక్కలను మాత్రమే సాగు కింద వదిలి, పడావు నేలలను, పాత ఊర్ల జాగలను అడవిలో కలిపేసింది. గీత లోపల మళ్ళీ చెట్టు కొడితే నేరం. చాలా గూడేలు రాత్రికి రాత్రి అక్రమం అయిపోయినయ్. ఖాళీ చేయమన్నరు, చేయనిచోట్ల గుడిసెలకు నిప్పు పెట్టిన్రు. అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది ఎత్తు గుట్టల మీద పోడు చేసుకునే కొలాంలు, నాయక్‌పోడ్‌లు. మా దోస్తు ఈ మాట జోడేఘాట్‌లో మళ్ళీ మళ్ళీ గుర్తు చేసిండు. భీముతో నిలబడ్డవాళ్ళలో కొలాంలు కూడా ఉన్నరు, ఆ పేర్లు ఎవరూ చెప్పరు అని. నిజమే.

రెండో దెబ్బ పట్టా రూపంలో వచ్చింది. గోండులు అప్పటిదాకా సాగు చేసుకున్నది చాలావరకు శివాయి జమాబందీ కింద. అంటే ఏటా శిస్తు కడతం, సాగు చేస్తం, కానీ భూమి మీద శాశ్వత హక్కు కాగితం లేదు. ఎవరికీ లేనంతకాలం ఇబ్బంది లేదు. పల్లపు ప్రాంతాల నుంచి జనం రావడం మొదలైనంక కాగితం తెలిసినవాడిదే భూమి అయింది. 1929లో కాజీపేట, బల్లార్షా మధ్య రైలు మార్గం పూర్తయినంక ఆ రాక ఇంకా పెరిగింది. దరఖాస్తు ఎట్ల పెట్టాలో, ఏ దఫ్తర్‌కు పోవాలో వాళ్ళకు తెలుసు. మన తాతలు మూడు తరాలు దున్నిన నల్లరేగడి ఇంకొకరి పేరు మీద ఎక్కింది, మనవాళ్ళు అదే చేన్లో పాలేర్లయిన్రు, లేదంటే ఇంకా పైకి, గుట్టల్లోకి జరిగిన్రు. అక్కడ ఫారెస్టోళ్ళు. కింద పట్టా, పైన గీత. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నవాళ్ళే జోడేఘాట్‌లో చివరికి తిరగబడ్డది.

కాల్పులతో గొడవ అణిగింది కానీ సర్కారుకు భయం పోలేదు. ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి అనే ప్రశ్న మిగిలింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకమని నిజాం ప్రభుత్వం పంపిన మనిషే క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన హైదరాబాద్ రాజ్యంలో ఉండటమే ఒక చిత్రం. 1909లో వియన్నాలో పుట్టిండు. మానవశాస్త్రం చదివి, 1936లో నాగా కొండలకు వచ్చి కొన్యాక్ నాగాల మధ్య ఉన్నడు. 1939లో మళ్ళీ ఇండియాకు వచ్చేసరికి రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకుంది కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ఇండియాలో అట్లాంటివాళ్ళు శత్రుదేశస్తులు. ఆయనను నిజాం రాజ్యం దాటకుండా ఉండమన్నరు. భార్య బెట్టీ ఎలిజబెత్ ఇంగ్లాండు మనిషి. ఇద్దరూ ఆ నిర్బంధాన్నే పనిగా మార్చుకున్నరు. మొదట నల్లమల చెంచుల దగ్గర, తర్వాత గోదావరి ఒడ్డు కొండరెడ్ల దగ్గర, ఆ తర్వాత మన ఆదిలాబాద్ గోండుల దగ్గర. ఒక్కొక్కరి మీద ఒక్కొక్క పుస్తకం వచ్చింది.

అంటే చూడండి. యుద్ధం ఒక మనిషిని హైదరాబాద్‌లో ఆపింది, జోడేఘాట్ ఆ మనిషిని మన గుట్టల్లోకి తెచ్చింది. భీము, ఆయన మనుషులు తిరగబడకపోయి ఉంటే ఆదిలాబాద్ గోండులకు ఏం కావాలి అని హైదరాబాద్‌లో అడిగేవాడు ఉండేవాడా? నాకైతే నమ్మకం లేదు. దస్తావేజుల్లో 'విచారణ', 'నివేదిక', 'సంస్కరణ' అని ఉంటది. వాటి కింద రక్తం ఉన్నది.

జోడేఘాట్ నుంచి వెనక్కి వచ్చి, ఘాట్ ఎక్కి, జైనూరు మీదుగా మార్లవాయి చేరేసరికి సాయంత్రమైంది. పైకి వచ్చినంక నేల మారిపోతది. కింద ఉన్నంత ఇరుకు ఉండదు. విశాలమైన చదును, అక్కడక్కడ చిన్న గుట్టలు, వాగులు, వాటి మధ్య పత్తి, జొన్న, కంది చేన్లు. పత్తి మా తాతల కాలంలో ఇంత లేదు. ఇప్పుడు ఎటు చూసినా అదే. ఇప్ప చెట్లు మాత్రం చేన్ల మధ్యలో అట్లనే ఉన్నయ్, వాటిని ఎవరూ కొట్టరు.

ఊళ్ళో మాకు తెలిసినవాళ్ళ బంధువుల ఇంట్లో దిగినం. ఆ ఇంటి పెద్దాయనను అందరూ పటేల్ తాత అంటరు. రాత్రి జొన్నరొట్టె, కందిపప్పు, మిరపకాయ కారం పెట్టి, మమ్మల్ని మొదట అడిగింది పేరు కాదు. "మీది ఎన్ని దేవుళ్ళ సగ?" అని. నాది ఆరు దేవుళ్ళు అన్నంక మా ఇంటిపేరు, మా పెర్సపెన్ ఎక్కడ అన్నీ ఆయనే చెప్పిండు. చుట్టరికం ఎటునుంచో కలిపి, "అట్లయితే నువ్వు నాకు మనుమడివే" అన్నడు. హైమన్‌డార్ఫ్ తన పుస్తకంలో పేజీలకు పేజీలు రాసిన నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ లెక్క ఈ ఇంట్లో పొయ్యి దగ్గర రెండు నిమిషాల పని.

పొద్దున తాత మమ్మల్ని తిప్పిండు. ఎనభై దాటిన మనిషి, చేతిలో కర్ర, మాకంటే ముందు నడుస్తుండు. మొదట సమాధులు. రెండూ పక్కపక్కనే ఉంటయ్. బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో చనిపోతే ఇక్కడికి తెచ్చి ఖననం చేసిన్రు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయిండు. ఆయన అస్థికలు 2012లో ఇక్కడికి వచ్చినయ్. ఏటా జనవరి 11న ఇద్దరినీ కలిపి తలుచుకుంటరు. మనవాళ్ళు చనిపోయినవాళ్ళకు ఎట్ల చేస్తరో అట్లనే చేస్తరు. మేం పోయింది దానికి ముందురోజు. ఆడవాళ్ళు అప్పటికే చుట్టూ ఊడ్చి, అలికి పెట్టిన్రు.

తాత అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. "ఇది అందరూ చూస్తరు, రండి" అని చేన్లలోకి తీసుకుపోయిండు.

అక్కడ నుంచి దాదాపు మధ్యాహ్నం దాకా నడిచినం. ఒకచోట టేకు చెట్ల కింద నేల మీద రాళ్ళు వరుసగా కనిపించినయ్, సగం మట్టిలో కూరుకుపోయి. పాత ఊరు అన్నడు. ఇంకొంచెం పైకి పోతే ఒక పెద్ద చెట్టు మొదట్లో అకిపెన్ జాగ. ఊరు జరిగినా ఆ దేవత జాగ జరగలేదు. ఊరు లేకున్నా విత్తనాల ముందు ఎవరో ఒకరు వచ్చి మొక్కి పోతరట. దాని తర్వాత గుట్ట అంచున కొలాం గూడెం. మా దోస్తు అక్కడ ముసలివాళ్ళతో కొలామీలో మాట్లాడుతుంటే తాత నవ్వుకుంట విన్నడు. నేల దేవతల దగ్గర మొక్కు చేయాలంటే గోండులు కూడా కొలాం పూజారినే పిలుచుకునే అలవాటు ఈ గుట్టల్లో ఉన్నది, ఎందుకంటే ఈ నేలకు వాళ్ళే ముందు వచ్చినవాళ్ళు అని. చరిత్ర పుస్తకం లేకుండానే ఎవరు ముందో ఎవరు వెనకో ఒప్పుకునే పద్ధతి ఇది. నాకు ఇది మస్తు నచ్చింది.

గూడెం దాటినంక ఫారెస్టు లైను. అప్పటి హద్దురాళ్ళు కొన్ని, ఇప్పటి కందకం ఒకటి. కందకం అవతల నేల, ఇవతల నేల ఒక్కటే రంగు. అవతల టేకు, ఇవతల పత్తి. "మా నాయిన అవతల జొన్న ఏసిండు" అన్నడు తాత. అంతే, ఇంకేం అనలేదు.

ఇక బడి సంగతి. 1943లో మార్లవాయిలో మొదలైంది పిల్లల బడి ఒక్కటే కాదు, ప్రధానంగా పంతుళ్ళను తయారుచేసే కేంద్రం. ఇది తెలుసుకోవాల్సిన విషయం. బయటి పంతుళ్ళను పంపితే వాళ్ళు ఉండరు, ఉన్నా భాష రాదు. కాబట్టి అక్షరం కాస్త తెలిసిన గోండు యువకులను పోగేసి, వాళ్ళకు నేర్పి, గూడేలకు పంతుళ్ళుగా పంపాలన్నది ఆలోచన. పాఠం గోండిలోనే. మొదటి వాచకాలు గోండిలోనే అచ్చయినయ్. ఇక్కడ చదివినవాళ్ళు పంతుళ్ళే కాదు, పట్వారీలు, గుమాస్తాలు, ఫారెస్టు ఉద్యోగులు కూడా అయిన్రు. ఎవరి చేతిలో రికార్డు ఉంటదో వాళ్ళదే భూమి అని తెలిసినంక మొట్టమొదట రికార్డు రాసేవాణ్ణే మనవాళ్ళ నుంచి తయారు చేయడం అన్నది చిన్న ఆలోచన కాదు. తాత వాళ్ళ నాయిన కూడా కొన్నాళ్ళు ఆ కేంద్రానికి పోయిండట. పలక మీద గోండి మాట రాయొచ్చు అని తెలిసిన రోజు ఆయన ఇంటికి వచ్చి గోడ మీద బొగ్గుతో ఇంటిపేరు రాసుకున్నడని చెప్పిండు.

ఆ రాత లిపి దేవనాగరి. అప్పుడు ఈ దిక్కు గోండులకు, పర్ధాన్లకు మరాఠీ ఎక్కువ తెలుసు, చదువొచ్చిన కొద్దిమందికి వచ్చిందీ ఆ లిపే. కాబట్టి అది సులువని తీసుకున్నరు. తప్పు పట్టలేం. కానీ నార్నూరు మండలం మనకు పక్కనే కదా, అక్కడ గుంజాల అనే ఊళ్ళో పెద్దల ఇళ్ళలో గోండికి సొంత లిపిలో రాసిన ప్రతులు అప్పటికే ఉన్నయ్. 2006 ప్రాంతంలో గానీ అవి బయటి పరిశోధకుల కంటపడలేదు. 1750 ప్రాంతం నాటి రాత అని అంచనా. జయధీర్ తిరుమలరావు గారి లాంటివాళ్ళు దాని మీద పనిచేసిన్రు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. ఇప్పుడు మీ ఫోన్లో దాని ఫాంటు వేసుకోవచ్చు.

ఇది తలుచుకుంటే నాకు ఒక పక్క బాధ, ఇంకో పక్క నవ్వు. గోండికి లిపి లేదు అనుకుంటూ పక్క లిపిలో వాచకాలు అచ్చేస్తున్న రోజుల్లో, బండెడ్ల దూరంలో మన లిపి ఎవరి ఇంటి దూలం మీదనో మూటలో ఉన్నది. అడిగినవాళ్ళు లేరు, చెప్పినవాళ్ళు లేరు. ఎంత మంచి మనిషి వచ్చినా ఆయన అడగని ప్రశ్నకు జవాబు దొరకదు. అదే మన ఊళ్ళను మనమే తిరిగి రాసుకోవాలని నేను అనడానికి ఒక కారణం.

భూమి పని మాత్రం నిజంగా పెద్ద పని. దాన్ని తక్కువ చేయను. హైమన్‌డార్ఫ్ నివేదికల తర్వాత ప్రభుత్వం ప్రత్యేక అధికారులను వేసింది. వాళ్ళలో సేతుమాధవరావు పగడి గారిని మనం మర్చిపోతున్నం. ఆయన గోండి నేర్చుకున్నడు, గోండి వ్యాకరణం రాసిండు, ఊరూరూ తిరిగి పట్టాల పని నడిపించిండు. హైమన్‌డార్ఫ్ 1945 నుంచి నిజాం ప్రభుత్వానికి గిరిజన సలహాదారు. 1356 ఫసలీలో, అంటే 1946-47లో, గిరిజన ప్రాంతాల నియమావళి వచ్చింది. సాగులో ఉన్నవాళ్ళకు ఉచితంగా లావణి పట్టాలు ఇచ్చిన్రు. హైమన్‌డార్ఫ్ రాసిన లెక్క ప్రకారం ఆదిలాబాద్ జిల్లాలో 1,60,000 ఎకరాలు, 11,000 మందికి పైగా ఆదివాసీలకు అందినయ్. జిల్లాలోని ఆదివాసీ కుటుంబాల్లో ఎక్కువ భాగానికి అన్నమాట. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ పెట్టే ఆనవాయితీ కూడా 1942 నుంచే. జనం ఎట్లాగూ పుష్య అమావాస్యకు అక్కడ కూడుతరు, అధికారులే అక్కడికి వచ్చి ఫిర్యాదులు వినాలె అని.

ఇదంతా సర్కారు ప్రేమతో చేసిందా? ఇంకో జోడేఘాట్ వద్దని చేసింది. సలహా ఇచ్చినాయనకు ప్రేమ ఉన్నది, నేను కాదనను. ప్రేమ ఉన్నోళ్ళ మాట రాజ్యం వినడానికి మాత్రం ఒక భయం కావాల్సి వచ్చింది.

తాత ఇంట్లో ఒక రేకు పెట్టె ఉన్నది. మధ్యాహ్నం తిరిగొచ్చినంక దాంట్లో నుంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసిండు. మడతల దగ్గర చిరిగి, బట్ట ముక్క మీద అతికించి ఉన్నది. ఉర్దూ రాత, గుండ్రటి ముద్ర. ఇంట్లో ఎవరికీ ఆ రాత చదవడం రాదు. నాకూ రాదు. అయినా అది ఏ చేను కాగితమో, నాలుగు దిక్కులా హద్దులు ఏమిటో తాత కండ్లు మూసుకుని చెప్పిండు. తూర్పున వాగు, పడమట ఇప్పచెట్టు అని. వాగు ఇంకా ఉన్నది, పొద్దున దాటి వచ్చినం. ఇప్పచెట్టు పోయింది. ఆ చేన్లో సగం కూడా పోయింది. ఎట్ల పోయింది అంటే ఎప్పుడో ఒక కరువు ఏడు జొన్నలకు, ఎడ్లకు షావుకారు దగ్గర తెచ్చిన అప్పు, వేలిముద్ర వేసిన కాగితం, ఆ తర్వాత కోర్టు. షావుకారు పేరు తాత చెప్పిండు గానీ నేను ఇక్కడ రాయను.

తాత ఇంటి కథ ఒక్కటే అనుకుంటే అది ఆ ఇంటి ఖర్మ అనుకోవచ్చు. కానీ జిల్లా మొత్తం ఇదే జరిగింది. 1948లో నిజాం రాజ్యం పోయింది. 1956లో రాష్ట్రాలు మారినయ్. గోండి వాచకాలు మూలకు పడ్డయ్. పిల్లలు కొన్నాళ్ళు మరాఠీలో, తర్వాత తెలుగులో చదవాల్సి వచ్చింది. ఇంట్లో ఒక భాష, బళ్ళో ఇంకో భాష. మొదటి తరగతిలో పంతులు ఏం అంటున్నడో తెల్వక గోడ దిక్కు చూసుకుంట కూర్చున్నోళ్ళు ఈ గ్రూపులో ఎంతమంది ఉన్నరో నాకు చెప్పాల్సిన పని లేదు. ఇంకో పక్క రోడ్లు పడ్డయ్. రోడ్డుతో పాటు ఆసుపత్రికి పోయే దారి వచ్చింది, భూమి కొనేటోళ్ళూ వచ్చిన్రు.

చట్టాలు లేవా అంటే ఉన్నయ్. 1959 భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి 1/70గా గట్టి చేసిన్రు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయించడమే చెల్లదన్నరు. కాగితం మీద ఇంతకన్నా గట్టి చట్టం ఉండదు. హైమన్‌డార్ఫ్ 1970ల చివర్లో మళ్ళీ వచ్చి ఇవే ఊర్లు తిరిగిండు. తను చూసి పోయినప్పుడు గోండుల చేతుల్లో ఉన్న భూములు ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉన్నయో ఊరి పేర్లతో సహా రాసిండు. 1982లో వచ్చిన ఆ పుస్తకం చదువుతుంటే మెచ్చుకోలు కోసం రాసినట్టు ఉండదు. తను కట్టిన ఇల్లు కూలుతుంటే చూస్తున్న మనిషి రాసినట్టు ఉంటది. ఆయన వచ్చి పోయినంక, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకున్న గోండుల మీద కాల్పులు జరిగినయ్. సర్కారు లెక్క 13 మంది. జనం లెక్క అంతకు చాలా ఎక్కువ. జోడేఘాట్ నుంచి ఇంద్రవెల్లికి నలభై ఒక్క ఏండ్లు. మధ్యలో మార్లవాయి.

నాకు అర్థమైన మార్లవాయి ఇది. రెండు కాల్పుల మధ్య కొన్నేండ్లపాటు, సర్కారు వినాల్సి వచ్చిన కాలం ఒకటి ఉండె. ఆ కొన్నేండ్లలో భాష బడికెక్కింది, భూమి కాగితానికెక్కింది.

మార్లవాయి అంటే సమాధులే కాదని ఇంకో రకంగా కూడా చెప్పాలె. గుస్సాడీ రాజు అని పిలుచుకునే కనక రాజు గారిది ఈ ఊరే. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్నప్పుడు ఢిల్లీలో గుస్సాడీ ఆడి వచ్చిండు. 2021లో పద్మశ్రీ ఇచ్చిన్రు. 2024లో పోయిండు. దీపావళి ముందు దండారీ రోజుల్లో నెమలి ఈకల మల్‌బూర తలకు పెట్టుకుని, డప్పు, పెప్రె మోగుతుంటే ఆడే ఆటను ఆయన కొన్ని వందల మంది పిల్లలకు నేర్పిండు. వియన్నా నుంచి వచ్చినాయన రాసుకున్నది పుస్తకంలో ఉన్నది, ఈయన నేర్పింది పిల్లల కాళ్ళలో ఉన్నది. మేం నిద్రలేచేసరికి తాత మనుమడు, ఏడెనిమిదేండ్లోడు, వాకిట్ల ఒక్కడే గజ్జెలు లేకుండానే ఆ అడుగు వేస్తున్నడు. దండారీ అయిపోయి రెండు నెలలైనా వదల్లేదు వాడు. వాడు పోయేది ఊళ్ళోని ఆశ్రమ పాఠశాలకే. ఏ భాషలో చెప్తరు అని అడిగితే "తెలుగు, ఇంగ్లీషు" అన్నడు. మరి గోండి? "అది ఇంట్ల" అన్నడు, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి.

పోవాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. ఒక్క రోజులో రెండు ఊర్లు చూసి వచ్చేద్దాం అనుకోవద్దు, మార్లవాయిలో ఒక రాత్రి ఉండండి. ముందుగా ఊరి పటేల్‌కు చెప్పి పోండి. అకిపెన్ దగ్గర, కొలాం గూడెంలో దేవుని జాగ దగ్గర చెప్పులు విప్పండి, అడగకుండా ఫోటో తీయొద్దు. చేన్ల వెంట నడవాలంటే ఊరి మనిషిని తోడు తీసుకోండి. దారి కోసం కాదు, ఏ రాయి ఏమిటో తెలియడం కోసం.

ఇక ఒక పని ఉన్నది. జైనూరు, సిర్పూర్-యు, ఉట్నూరు, నార్నూరు, ఇంద్రవెల్లి, కెరమెరి దిక్కు ఊర్లోళ్ళు ఈసారి ఇంటికి పోయినప్పుడు తాతల పెట్టెలు చూడండి. నిజాం కాలం పట్టా, శిస్తు రసీదు, పాత గోండి వాచకం, లిపి తెలియని చేతిరాత, ఏది ఉన్నా పగటి వెలుతురులో రెండు పక్కలా ఫోటో తీయండి. లామినేషన్ చేయించొద్దు, కాగితం పాడైతది. ఫోటో తీసేటప్పుడే పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అది ఏ చేనుదో, నాలుగు హద్దులు ఏమిటో ఫోన్లో రికార్డు చేయండి. హైదరాబాద్‌లో ఉర్దూ బాగా చదవగలిగే క్లాస్‌మేట్ ఒకామె సాయం చేస్తా అన్నది. తాత కాగితం ఫోటోతోనే మొదలుపెడుతున్నం. మొదటి లైనులో ఊరి పేరు దాకా చదివింది, 'మార్లవాయి' అనే ఉన్నది. హద్దులు ఇంకా చదవాలె.